ముద్ర వేసినవాళ్లు వద్దనొచ్చు

నా పదవీ విరమణ సభలో నలుగురు మాట్లాడారు. నలుగురూ నేను టైముకు వస్తానని చెప్పారు. ముప్ఫై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేసిన మనిషి గురించి వాళ్లకు దొరికిన మాట అది. శాలువా కప్పిన పెద్దమనిషి నజ్మా బేగం అనబోయి నస్రీన్ బేగం అని చదివాడు. ఎవరూ సరిచేయలేదు. నేనే లేచి సరిచేశాను. "ఇయ్యాలన్న ఊకుండొచ్చు కద సిస్టర్" అని వెనుక వరుసలో ఎవరో గొణిగారు. ఎవరో నాకు తెలుసు.

ఇలాంటివి నేను మరిచిపోను. నా మీద పడ్డ ప్రతి మాట తేదీతో సహా గుర్తుంటుంది. అందుకే నాకు స్నేహితులు తక్కువ. అయితే నాకు జరిగిన అన్యాయాలన్నీ రాయాలంటే ఇంకో పుస్తకం కావాలి. ఇక్కడ నేను చేసినదాని గురించి రాస్తున్నాను.

ఈ మధ్య రీసెర్చి నర్సులుగా చేరుతున్న పిల్లలు నాకు ఫోన్ చేస్తున్నారు. "మేడం, ఫారిన్ చదువుకు ఏం పరీక్ష రాయాలి? వీసాకు ఎన్ని రోజులు పడుతుంది?" అని అడుగుతున్నారు. అవన్నీ ఇంటర్నెట్టులో ఉన్నాయి. అందులో లేనివి నేను రాస్తాను.

ఒకే బల్ల, ఒకే ప్యాడు

మాది జనగామ. మా అబ్బా, అంటే నాన్న, బస్టాండు దగ్గర దర్జీ. ఇంట్లో దక్కనీ మాట్లాడేవాళ్లం, గడప దాటితే తెలుగు. నర్సింగు చదివి సర్కారు దవాఖానలో చేరాను. తిరిగి తిరిగి మహబూబాబాద్‌కు వచ్చాను. ఇక్కడి వాళ్లు మానుకోట అంటారు, నేనూ అంతే అంటాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లందరూ గుర్తున్నారు.

తెలంగాణ ఉద్యమం ఊరూరా నడుస్తున్న రోజుల్లో నన్ను ఒక పరిశోధన మీద డెప్యుటేషన్ వేశారు. ఇంగ్లండులోని ఒక విశ్వవిద్యాలయం, హైదరాబాదులోని ఒక సంస్థ కలిసి గర్భిణుల్లో రక్తం తక్కువ ఉండడం మీద చేస్తున్న పని అది. జనగామలో, మానుకోటలో, భూపాలపల్లిలో సెంటర్లు పెట్టారు. కొందరికి మామూలు ఐరన్ మాత్రలు, కొందరికి నరంలోకి ఎక్కించే మందు. ఎవరికి ఏది రావాలో కంప్యూటరు చెబుతుంది. కాన్పు అయ్యాక బిడ్డకు రెండేళ్లు నిండేదాకా ఐదుసార్లు రక్తం తీయాలి. ఆ రక్తంలో కొంత మంచుడబ్బాల్లో ఇంగ్లండుకు పోతుంది.

మూడు సెంటర్లకూ పెద్ద డాక్టర్ మూర్తి. బాగా చదువుకున్నవాడు, లంచగొండి కాడు, పని దొంగ కాడు. నన్ను పేరుతో పిలవడానికి ఆయనకు ఏడాది పట్టింది. అంతవరకు "ఏమ్మా మానుకోట" అనేవాడు. రోజూ సాయంత్రం ఫోన్ చేసి "ఇవాళ ఎన్ని ముద్రలు?" అని అడిగేవాడు. ఎంతమందికి అర్థమైందని ఒక్కసారీ అడగలేదు.

ముద్రలు అంటే సమ్మతి పత్రం మీద వేలిముద్రలు. పత్రం పదకొండు పేజీలు. "పైన పేర్కొనబడిన అధ్యయనమునందు స్వచ్ఛందముగా పాల్గొనుటకు" అని మొదలవుతుంది. నాకే రెండుసార్లు చదివితే గాని ఎక్కలేదు. మేము తిరిగే తండాల్లో ఆడవాళ్ల ఇంటి భాష వేరు. తెలుగు వాళ్లకు అంగట్లో బేరమాడే భాష.

పైగా ఆ రోజుల్లో తండాకు చేరడమే గగనం. ఒకచోట రాస్తారోకో, ఒకచోట రోడ్డు మీదే పొయ్యి పెట్టి వంటావార్పు. డోర్నకల్ దగ్గర పట్టాల మీద జనం కూర్చుంటే రైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయేవి. జీపు ఆపినప్పుడల్లా నేను దిగి "దవాఖాన పని తమ్మీ, జై తెలంగాణ" అంటే వదిలేవారు. తీరా తండాకు పోతే అందరూ మీటింగుకు పోయి ఉండేవారు. ఖాళీ చేతులతో తిరిగి వస్తే సాయంత్రం ఫోనులో మూర్తిగారి నిట్టూర్పు.

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. రాష్ట్రం కావాలని ఉద్యమం పిల్లలు తండా తండాకు పోయి సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటున్నారు. బడి వరండాలో బల్ల వేసి, డప్పు కొట్టి అందరినీ పిలుస్తున్నారు. మేమూ అదే రోజు అక్కడే కూర్చుంటే? మా వెంట తిరిగే ఆశా కార్యకర్త సక్కుబాయికి చెప్పాను.

"మంచిగుంటది సిస్టర్" అంది. "ఒక్క పిలుపుకు రెండు పనులు. లేకపోతె గీళ్లను మల్ల జమ చేసుడు నా తోని కాదు."

ఉద్యమం పిల్లలు కూడా కాదనలేదు. బల్లకు ఆ కొసన వాళ్ల కాగితం, ఈ కొసన మా కాగితం. స్టాంపు ప్యాడు మాత్రం ఒకటే, వాళ్లదే. వాళ్ల దగ్గర ముద్ర వేసేముందు ఒక యువకుడు ప్రమాణం చేయించేవాడు. "ముద్ర ఏసినంక ఎనుకకు తిరిగేది లేదు. తిరిగినోళ్లు ద్రోహులు." ఆడవాళ్లు నవ్వుకుంటూ ఆ మాట అనేవారు, ముద్ర వేసేవారు, వేలి మీది సిరా ఆరకముందే నా దగ్గరికి వచ్చేవారు. నేను రెండు నిమిషాలు చెప్పేదాన్ని. "రక్తం తక్కువుంటె కాన్పుకు కష్టమైతది. మందు ఇస్తం. నీకు, పుట్టినంక బిడ్డకు రక్తం పరీక్ష చేస్తం."

ఒక్క అబద్ధం చెప్పలేదు. ఇష్టం లేకపోతే వద్దనవచ్చనీ, మధ్యలో మానేయవచ్చనీ, మానేసినా దవాఖానలో ఏ లోటూ రాదనీ తొమ్మిదో పేజీలో ఉంది. ఆ పేజీ దాకా మాలో ఎవరం పోలేదు.

మా సెంటరు మిగతా రెండింటినీ దాటిపోయింది. మీటింగులో అందరి ముందు మూర్తిగారు "నజ్మా చేతిలో ఏదో మహత్తు ఉంది" అన్నాడు. నా పేరు ఆయన నోట రావడం అదే మొదటిసారి. ఆ సంతోషం ఎవరితోనైనా పంచుకోవాలని జనగామలో ఉన్న మా అక్కకు, ఆపాకు, ఫోన్ చేశాను. "పొయ్యి మీద కూర మాడుతుంది, మల్ల జెయ్" అని పెట్టేసింది. మళ్లీ చేయలేదు నేను.

బుజ్జి అడిగిన మాట

గార్ల అవతల ఒక తండాలో గుగులోత్ బుజ్జి ఉండేది. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. మొదటి కాన్పు. భర్త లచ్చిరాం మానుకోటలో రిలే నిరాహార దీక్ష టెంటులో వారానికి రెండు రోజులు కూర్చునేవాడు. బుజ్జికి నరంలో ఎక్కించే మందు వచ్చింది. రక్తం పెరిగింది, కాన్పు మంచిగా అయింది, కొడుకు పుట్టాడు. పరిశోధన వల్ల ఎవరికీ మేలు జరగలేదని నేను ఎప్పుడూ అనను.

మూడు నెలలప్పుడు బిడ్డకు రక్తం తీయడానికి వేరే అమ్మాయి పోయింది. నరం దొరకక మూడుచోట్ల పొడిచింది. చెయ్యి వాచింది. ఆరు నెలలప్పుడు నేనే పోయాను. ఇంట్లో ఊయల ఖాళీగా ఉంది. బుజ్జి బియ్యం చెరుగుతూ కూర్చుంది, తల ఎత్తలేదు.

"పిలగాడేడి?" అంది సక్కు.

"మా అత్త తీస్కపోయింది."

"మీ అత్త నాకు తొవ్వల ఎదురొచ్చె కదనే. చేతుల గంప తప్ప ఏం లేదు."

పక్కింట్లోంచి పిల్లవాడి ఏడుపు వినబడింది. సక్కు పోబోతే బుజ్జి లేచి అడ్డం నిలబడింది.

"నేనియ్య అక్కా. ఇంకెన్ని మాట్ల తీస్తరు?"

"గిది కలుపుకొని నాలుగు మాట్లే" అన్నాను.

"వద్దు. నేనియ్య."

నా నోటినుంచి వచ్చిన మాట ఇది: "ముద్ర ఏసినవు కద బుజ్జీ. ముద్ర ఏసినంక మాట తప్పుతరా?"

ఆ మాట బల్ల అవతలి కొసన రోజూ విన్నదే. బాగా పనిచేసే మాట అని నాకు తెలుసు.

బుజ్జి నన్నే చూస్తూ అడిగింది: "ముద్ర తెలంగాణకని ఏసిన. తెలంగాణకు మా పిలగాని నెత్తురు గూడ కావాల్నా అక్కా?"

సక్కు పకపకా నవ్వింది. "పిచ్చి మొకమా, గది వేరు, గిది వేరు. రెండు కాగితాల మీద ఏసినవు నువ్వు."

"రెండూ ఒక్కదానికే అనుకున్న. బల్ల ఒక్కటే ఉండె."

అప్పుడు నాకు అంతా అర్థమైంది. తర్వాత ఎప్పుడో అర్థమైందని రాసుకుంటే నాకు బాగుంటుంది, కానీ అది నిజం కాదు. అక్కడే, ఆ గడపలోనే అర్థమైంది. ఆమె ఒక్కతే కాదు, ఆ బల్ల దగ్గర ముద్ర వేసిన అందరూ అలాగే అనుకొని ఉంటారని కూడా అర్థమైంది. బయట జీపు హారన్ మోగుతోంది. డబ్బాలో మంచు కరుగుతోంది. నేను మాట మార్చలేదు, అలాగే నిలబడ్డాను.

ద్రోహి అనిపించుకోవడం బుజ్జికి ఇష్టం లేదు. పక్కింటికి పోయి బిడ్డను తెచ్చి నా ఒళ్లో పెట్టి, గోడవైపు తిరిగి నిలబడింది. నాకు ఒక్క పొడుపుకే నరం దొరికింది. సాయంత్రం ఆ సంగతి ఫోనులో గొప్పగానే చెప్పాను.

బహుమానంగా వచ్చిన చదువు

ఎక్కువ ముద్రలు తెచ్చినందుకు నన్ను ఇంగ్లండుకు, ఆ విశ్వవిద్యాలయానికే పంపారు. రీసెర్చి నర్సులకు ఏడాది చదువు. వచ్చాక రెండేళ్లు ఆ పరిశోధనలోనే పనిచేస్తానని బాండు రాశాను. నలభై దాటిన నర్సు, అదీ జనగామ దర్జీ బిడ్డ, విమానం ఎక్కుతున్నదంటే దవాఖానలో కొందరికి నిద్ర పట్టలేదు. "సారుకు బాగ దగ్గరైనట్టున్నది" అన్న మాట నా దాకా వచ్చింది. అన్నామె ఇప్పుడు రిటైరై వరంగల్‌లో ఉంది. వీడ్కోలు రోజు మూర్తిగారు నవ్వుతూ "అక్కడ ఇంగ్లీషు మాట్లాడాలమ్మా, మానుకోట ఇంగ్లీషు కాదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపం.

పోబోయే పిల్లలకు చెబుతున్నాను. చలికి బట్టలు కొనుక్కోవచ్చు. మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడితే ఏం చేయాలో ఎవరూ చెప్పరు. గది తాళం తీసేటప్పుడు లోపల ఎవరూ లేరని తెలిసీ "ఆయీ మై", నేనొచ్చాను, అనేదాన్ని. వంటగదిలో ఐదుగురం వాడుకునే పొయ్యి. నేను పోపు పెడితే ముగ్గురు కిటికీలు తెరిచేవారు. వారాల తరబడి నా గొంతు క్లాసులో "యెస్" అనడానికే వాడాను.

ఆ ఊళ్లో తెలుగు విద్యార్థులు కలుస్తారని తెలిసి ఒక ఆదివారం పోయాను. "యాడికెల్లి వచ్చిండ్రు అందరు?" అని అడిగాను, అంతే. ఒకమ్మాయి ఆ మాటను అలాగే సాగదీసి అనుకరించింది. అచ్చం సినిమాలో నవ్వించే పనిమనిషిలా ఉందట. ఇంకొకడు "మీరు ముస్లిం కదా, తెలుగు బాగానే మాట్లాడుతున్నారే" అన్నాడు. ప్లేటులో పులిహోర అలాగే వదిలి వచ్చాను. మళ్లీ పోలేదు. వాళ్లలో ఒక్కరూ ఫోన్ చేయలేదు.

రాష్ట్రం వచ్చిందన్న సంగతి నాకు బట్టలు ఉతికే మిషన్ల గదిలో తెలిసింది. ఫోనులో మానుకోట వీధులన్నీ గులాల్‌తో ఎర్రబడ్డాయి. నా పక్కన ఒక పోలండు ముసలాయన తన చొక్కాలు మడత పెట్టుకుంటున్నాడు. "మాకు రాష్ట్రం వచ్చింది" అన్నాను. "మంచిది" అని, నా మిషను ఆగిపోయిందని వేలితో చూపించాడు.

నేను వద్దన్న రోజు

చలికాలంలో ఒకరోజు కళ్లు తిరిగి మెట్ల మీద కూలబడ్డాను. దవాఖానలో పరీక్ష చేస్తే నాకే రక్తం తక్కువ ఉంది. ఊళ్లో అందరికీ చెప్పినదాన్ని నేనే తిండి మానుకొని తిరుగుతున్నాను.

అక్కడ ఒక చిన్న నర్సు నా మంచం పక్కన కుర్చీ లాక్కొని కూర్చుంది. పరీక్షకు తీసిన రక్తంలో కొంచెం మిగులుతుంది, దాన్ని ఒక పరిశోధనకు వాడుకోవచ్చా అని అడిగింది. కాగితం ఇచ్చింది. రెండే పేజీలు. "ఇప్పుడే చెప్పక్కర్లేదు. రాత్రి ఉంచుకోండి. వద్దన్నా మీ వైద్యం ఇలాగే ఉంటుంది" అంది.

ఇవ్వడానికి నాకు అభ్యంతరం ఏమీ లేదు. కానీ ఏమవుతుందో చూడాలనిపించింది. తెల్లవారి వద్దు అన్నాను.

"సరే" అంది. కాగితం తీసుకుంది. "టీ తాగుతారా?" అని అడిగింది.

నేను ఎదురుచూశాను. డాక్టరు వచ్చి ముఖం ముడుచుకుంటాడని, మందు ఆలస్యంగా ఇస్తారని, ఎవరో ఒకరు "ఎందుకు" అని అడుగుతారని. ఎవరూ అడగలేదు. సాయంత్రం మాత్రలు ఇచ్చి పంపారు. బస్టాపులో కూర్చున్నాక ఏడుపు వచ్చింది. రెండు బస్సులు పోయాయి, ఎక్కలేకపోయాను.

అలాగని ఆ దేశమంతా ధర్మప్రభువులని అనుకోకండి. మా పాఠాలు చెప్పే మార్గరెట్ పెద్ద వయసు నర్సు, మంచి మనిషి. కానీ రోగి హక్కుల పాఠం వచ్చినప్పుడల్లా "మీలాంటి దేశాల్లో" అని నా వైపు చూసేది. మూడుసార్లు ఊరుకున్నాను. నాలుగోసారి లేచి నిలబడ్డాను.

"మా తండాలకు పంపిన పదకొండు పేజీలు ఈ భవనం రెండో అంతస్తులో రాసినవే. దాన్ని తెలుగులో ఒక్కరికైనా చదివి వినిపించి, ఏం అర్థమైందని అడిగినవాళ్లు ఇక్కడ ఎవరు?"

ఆమె "ఎవరూ లేరనుకుంటాను" అంది. మళ్లీ "మీలాంటి దేశాల్లో" అనలేదు. క్లాసులో నా పక్క కుర్చీ మాత్రం ఆ రోజునుంచి ఖాళీగా ఉండేది.

నా మీద నేనే ఇచ్చిన ఫిర్యాదు

ఫిర్యాదు రాయడం నాకు వచ్చిన పని. మూర్తిగారికి రాశాను. బడి వరండాలో ఒకే బల్ల దగ్గర తీసుకున్న ముద్రలు చెల్లవనీ, ప్రతి ఇంటికీ మళ్లీ పోయి అడగాలనీ, అంతవరకు పిల్లల రక్తం తీయొద్దనీ. జవాబు రాలేదు. మళ్లీ రాశాను. రాలేదు. పరిశోధనల మంచిచెడ్డలు చూసే కమిటీకి రాశాను. వాళ్లు మర్యాదగా జవాబిచ్చారు. పత్రాలన్నీ సక్రమంగా ఉన్నాయి, ప్రతి ముద్ర పక్కన సాక్షి సంతకం ఉంది, ఆ సంతకం తమరిదే.

ఆ ఉత్తరం చదివి ఒక రోజంతా గదిలోంచి బయటికి రాలేదు. వాళ్లు నన్ను అవమానించడానికి రాశారు. కానీ అందులో తప్పు మాట ఒక్కటీ లేదు.

ఇంకొకటి ఒప్పుకోవాలి. పైవాళ్లకు ఏడు ఉత్తరాలు రాశాను. సక్కుబాయికి ఒక్క ఫోన్ చేసి "బుజ్జికి చెప్పు, ఇష్టం లేకపోతె ఇయ్యొద్దు" అని చెప్పి ఉంటే సరిపోయేది. సక్కు నంబరు నా ఫోనులోనే ఉంది. చేయలేదు. నాకు అన్యాయం పైనుంచి సరిచేయించడమే అలవాటు. నేను ఉత్తరాలు రాస్తుండగానే బిడ్డకు ఏడాది నిండింది, మూడోసారి రక్తం తీశారు. ఫిర్యాదు చేసే గుణం ఉన్న పిల్లలు ఈ పేరా రెండుసార్లు చదవండి.

వద్దనే కాగితం

తిరిగి వచ్చి డ్యూటీలో చేరాను. నాలుగోసారి రక్తం తీయవలసిన నెల దగ్గర పడింది. పరిశోధననుంచి తప్పుకోవడానికి ఒక పత్రం ఉండాలని నాకు ఇప్పుడు తెలుసు. వెతికితే దొరికింది. అన్ని పత్రాలతో పాటే వచ్చింది, ఎవరూ అచ్చు వేయించలేదు. జిరాక్సు సెంటరులో కాపీలు తీయించుకొని, సక్కును వెంటబెట్టుకొని ఆటోలో గార్ల దాటి తండాకు పోయాను.

లచ్చిరాం ఇంటి ముందు మంచం నేస్తున్నాడు. "రాండ్రి సిస్టరమ్మా" అన్నాడు గాని లేవలేదు. "తెలంగాణ వచ్చింది కద. గా ముద్ర పని అయిపోయినట్టే అనుకున్నం. నెల కింద మీ జీపు మల్ల వచ్చి తారీకు చెప్పిపోయిండ్రు. ఇంక దేనికి?"

బుజ్జిని పిలవమన్నాను. బుజ్జి బయటికి వచ్చింది. చీర కుచ్చిళ్లు పట్టుకొని పిల్లవాడు నిలబడ్డాడు. నన్ను చూసి చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

"రక్తం కోసం రాలేదు" అన్నాను. "బుజ్జీ, ఆ ముద్ర తెలంగాణది కాదు. దవాఖాన పరిశోధనది. నువ్వు వద్దంటె ఎవరూ తియ్యొద్దు. మొదటి దినమే ఆ మాట నీకు చెప్పాలె. నేను చెప్పలే."

ఆమె నిదానంగా అడిగింది. "ఇప్పటిదాన్క తీసిన నెత్తురు ఏడున్నది?"

"కొంత పరీక్షలకు అయిపోయింది. కొంత ఇంగ్లండుల మంచుపెట్టెల ఉన్నది."

"నువ్వు పోయొచ్చిన దేశమేనా?"

"ఆ దేశమే."

"నీకంటె ముందు పోయిందా, ఎనుక పోయిందా?"

"మొదటి రెండు మాట్లది ముందే పోయింది. మూడోది నేనక్కడ ఉన్నప్పుడే వచ్చింది."

"అయితె గక్కడ నీకు కండ్లవడ్డదా?"

సక్కు ఈసారి నవ్వలేదు. లేదని తల ఊపాను. కాగితం తీసి చూపించాను. "ఇది వద్దని చెప్పే కాగితం. దీని మీద ముద్ర ఏస్తె ఇంక ఎవరు రారు. అక్కడున్నది గూడ పారబోయమని అడుగుత."

బుజ్జి కాగితం వైపు, నా చేతిలోని స్టాంపు ప్యాడు వైపు చూసింది.

"వద్దనేటందుకు గూడ ముద్రేనా?"

"రూలు గట్లనే ఉన్నది."

"ఒక్కపారి ఏసినందుకు గింత అయింది. ఇంక నేను దేనికీ ఎయ్య. నోటితోని చెప్తున్న, ఇను. వద్దు. రాసుకో."

కూర్చుని రాసుకున్నాను. గుగులోత్ బుజ్జి తన కొడుకు రక్తం ఇక తీయవద్దని, ఉన్నది పారబోయమని నోటితో చెప్పింది, నేను విన్నాను. కింద సంతకం పెట్టాను. చదివి వినిపించాను. "గంతే" అంది.

అక్కడితో లేచి రావలసింది. ఉండబట్టలేక "నాది తప్పయింది బుజ్జీ" అన్నాను.

"తప్పని అప్పుడు ఎరికె లేకుండెనా నీకు?"

లేదని అంటే నమ్మేది. సక్కు నా వైపు చూస్తోంది.

"ఎరికే" అన్నాను. "నువ్వు అడిగిన్నాడే ఎరికైంది."

బుజ్జి పిల్లవాణ్ని చంకనేసుకుంది. "అయితె నువ్వు గూడ మల్ల రాకు" అని లోపలికి పోయింది.

ముద్ర లేని కాగితం చెల్లదన్నాడు మూర్తిగారు. "ముద్ర లేకుండా మేమెలా ఒప్పుకుంటాం నజ్మా?" అన్నాడు. "ఆమె వద్దనడానికి మన ఒప్పుదల అక్కర్లేదు సార్" అన్నాను. గొడవ పెద్దదైంది. నేను కమిటీకీ, ఇంగ్లండులో మార్గరెట్‌కూ అదే కాగితం నకలు పంపాను. ఆ బిడ్డ దగ్గరికి జీపు మళ్లీ పోలేదు. కొన్ని వారాలకు నమూనాలు నాశనం చేశామని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. ఆ వాక్యం సక్కుతో తండాకు పంపాను. బుజ్జి ఏమన్నదని అడిగితే "ఏమనలే" అంది. మిగతా ఇళ్లకు నేనే తిరిగాను. ఎక్కువమంది "నడవనియ్యి సిస్టర్" అన్నారు, కొందరు వద్దన్నారు. వద్దన్న ప్రతి మాటకూ నాకొక మెమో వచ్చింది.

బాండు పూర్తయ్యేదాకా

నన్ను భూపాలపల్లి సెంటరుకు వేశారు. శిక్ష అని ఎవరూ అనలేదు, బదిలీ అన్నారు. బొగ్గు బాయిల ఊరు. కిటికీ చువ్వల మీద పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ నల్లటి పొర. సెంటరులో నాతో కలిసి టిఫిను డబ్బా తెరిచేవాళ్లు లేరు. పని మాత్రం నేర్చుకున్నట్టే చేశాను. కాగితంలో ఉన్నది వాళ్ల మాటల్లో చెప్పేదాన్ని. ఒక రాత్రి ఇంట్లో ఉంచుకోమనేదాన్ని. తెల్లవారి పోయి "ఏం అర్థమైందో నువ్వు చెప్పు" అని అడిగేదాన్ని. ఒక బాయి కార్మికుడి భార్య "నువ్వు జీతానికి తిరుగుతున్నవని అర్థమైంది" అంది. అది కూడా సరైన జవాబే. చివరికి ఆమె ఒప్పుకుంది. చాలామంది ఒప్పుకోలేదు. భూపాలపల్లి అన్నిటికన్నా వెనుకబడిన సెంటరని మీటింగులో తెర మీద వేసి చూపించారు. పరిశోధన మీద వచ్చిన వ్యాసంలో జీపు డ్రైవర్లకు కూడా ధన్యవాదాలు చెప్పారు. నా పేరు లేదు.

కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. అడిగేటప్పుడు మీ పక్కన ఇంకెవరి బల్లా ఉండకూడదు, అది ఎంత మంచి బల్ల అయినా సరే. ఆ బల్ల మీద నాకూ ఇష్టం ఉండింది. ఆ రాష్ట్రం నాకూ కావాలి. అందుకే దాని మాట నా పనికి వాడుకోవడం అంత సులువైంది. ఇంకొకటి. వద్దన్న మనిషి దగ్గరికి మళ్లీ పోకండి. కారణం అడగడానికీ, ఒప్పించడానికీ, క్షమాపణకూ పోకండి.

రిటైరవడానికి కొన్నేళ్ల ముందు నన్ను మళ్లీ మానుకోట దవాఖానకు వేశారు. ఒక సోమవారం గర్భిణుల ఓపీలో నా డ్యూటీ. సూదుల ట్రే పట్టుకొని వరండా మలుపు తిరిగాను. బెంచీ మీద బుజ్జి కూర్చుని ఉంది. మళ్లీ నెలలు నిండుతున్నాయి. ముఖం పాలిపోయి లేదు. పిల్లవాడు పొడుగయ్యాడు. నల్లా కింద దోసిలి పట్టి నీళ్లు తాగుతూ చొక్కా తడుపుకుంటున్నాడు. బుజ్జి వాడిని తిడుతూ నా వైపు చూడలేదు. మా మధ్య ఇరవై అడుగులు కూడా లేవు. బాగున్నవా అని ఒక్క మాట అడగాలని, వాడి పేరేమిటో తెలుసుకోవాలని ఎంత అనిపించిందో చెప్పలేను. నా దగ్గర ఉన్న కాగితాల్లో వాడికి ఒక నంబరు మాత్రమే ఉండేది.

వెనుక వస్తున్న చిన్న నర్సు చేతికి ట్రే ఇచ్చాను. "నువ్వు పో. నేను పైన వార్డు చూస్కుంట."

"ఏమైంది మేడం? ఎరికైనోళ్లా?"

"ఎరికైనోళ్లే."

"మరి పలకరిచ్చరా?"

"రావొద్దన్నది" అని చెప్పి, అటు పక్క మెట్లెక్కాను.